డబ్బాల్లో లేని నీలం

రంగుల మాస్టారు డబ్బాకి మూత వేస్తుంటే చూడటానికి దారిన పోయేవాళ్లు ఆగేవారంటే నమ్మరు గానీ, ఆగేవారు. రంగు కలపడం అయ్యాక మూతని డబ్బా మీద ఆనించి, కుడి చెయ్యి చెవి దాకా ఎత్తి, అరచేతిలో చిటికెన వేలి కింద కండపట్టి ఉండే చోటుతో ఠప్పున ఒక్కటి వేసేవాడు. రెండో దెబ్బ ఉండేది కాదు. మూత చుట్టూరా ఒక్కసారే కూర్చునేది. ఆ పని కోసం కంపెనీవాళ్లు ఇచ్చిన రబ్బరు సుత్తి గోడ మేకుకి వేలాడుతూ ఉండేది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు. "అది చేతులు లేనివాళ్ల కోసం పెట్టారయ్యా" అనేవాడు మాస్టారు కొత్తగా వచ్చిన ప్రతివాడితోనూ. అని, అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

ఇరవై రెండేళ్ల కిందట అదే దుకాణంలో డబ్బాలు మోసే పనికి చేరాడు. అప్పట్లో రంగులు కలిపే పెద్దాయనకి చూపు మందగించి, ఒకరి హాలుకి వెన్న రంగు బదులు మామిడిపండు రంగు కలిపి ఇచ్చాడు. ఆ ఇంటివాళ్లు దుకాణం ముందు గొడవకి దిగారు. మోసేవాడే చొరవ చేసి లోపలికి వెళ్లి, పావుగంటలో వాళ్లకి కావలసిన వెన్న రంగు తెచ్చి చూపించాడు. ఆ రోజు నుంచి మళ్లీ బరువు మోయలేదు. కాకపోతే వచ్చినవాళ్లకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లరంగు కావాలని అడిగిన పాపానికి తెలుపుల్లో ఉన్న తొమ్మిది రకాల గురించీ నిలబడి వినాల్సి వచ్చేది. మాస్టారన్న పేరు ఆ పాఠాల వల్ల వచ్చిందే.

అయితే కన్ను మాత్రం అబద్ధం కాదు. ఎవరైనా పెచ్చు ఊడిన గోడ ముక్కో, పాత గిన్నె పెంకో తెచ్చి ఇదే రంగు కావాలంటే, తెల్ల రంగులో మిషనులోని స్టెయినర్లు, అంటే చిక్కటి రంగు ద్రవాలు, చుక్కలు చుక్కలుగా వదిలి కలిపేవాడు. కలిపినదాన్ని ఉంగరం వేలితో అట్టముక్క మీద రాసి, ఆరబెట్టి, గుమ్మం బయటికి తీసుకెళ్లి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసేవాడు. "దుకాణం లైట్లు అబద్ధాలకోరులు. వాటి కింద చూసి గోడకి వేశారంటే ఇంటికెళ్లాక నన్ను తిడతారు" అనేవాడు.

ఆయన భార్య రెండు వీధుల అవతల లాండ్రీలో మరకలు తీసే పని చేసేది. ఆవిడా పనిలో ఆరితేరిన మనిషే. సిరా, టీ, నూనె, తుప్పు, ఏదైనా సరే చూడగానే దానికేం వాడాలో చెప్పేసేది. మొగుడు రంగులు పూసే సామాను అమ్ముతాడు, పెళ్లాం వాటిని వదలగొడుతుంది, భలే దొరికారు ఒకరికొకరు అని ఆవిడ తమ్ముడు ఏడిపిస్తుండేవాడు. ఆ తమ్ముడు ఇళ్లకి రంగులు వేయించే పని పెట్టుకున్నాడు. ఈ కథకి నిప్పు రాజేసింది అతనే, పాపం తెలియకుండానే.

ఒక శనివారం పొద్దున బావమరిది ఆయాసపడుతూ దుకాణంలోకి వచ్చాడు. సోమవారం బడి తెరుస్తారు. ఈలోగా బడి మొత్తానికి రంగు పడాలి.

"బావా, ఇరవై లీటర్ల బకెట్లు అరవై. మధ్యాహ్నానికల్లా లారీ ఎక్కాలి. నువ్వు కాదంటే నేను మునిగిపోయినట్టే."

"ఎందుకు కాదంటానురా? నేనుండగా నువ్వెలా మునుగుతావు" అంటూ మాస్టారు చొక్కా చేతులు మడిచాడు.

బకెట్టు మూత డబ్బా మూతలాంటిది కాదు. ప్లాస్టిక్ అంచు చుట్టూ నాలుగైదు చోట్ల గట్టిగా కొడితే గానీ పట్టు దొరకదు. ఇరవై బకెట్లు అయ్యేసరికి అరచెయ్యి కందిపోయింది. బావమరిది మేకు మీది సుత్తి కేసి చూసి, "వయసు మీద పడింది బావా, మొహమాటపడకు, దింపు" అన్నాడు. ఆ మాటే అనకుండా ఉండాల్సింది. మాస్టారు ఇంకా గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు. నలభై దాటాక ఒక దెబ్బకి అరచేతిలో ఏదో కలుక్కుమని, నొప్పి సూటిగా చిటికెన వేలి కొసదాకా పాకింది. చెయ్యి విదిలించుకుని, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, మిగతా బకెట్లు కూడా ఆ చేత్తోనే బిగించాడు. పట్టుదలా పొగరూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆ పూట రెండోదే పనిచేసింది.

ఆదివారం పొద్దున చిటికెన వేలు, ఉంగరం వేలు చల్లగా ఉన్నాయి. సోమవారానికి తిమ్మిరెక్కాయి. మంగళవారం అన్నం ముందు కూర్చుంటే భార్య ఆయన చెయ్యి చూసి మొహం చిట్లించింది.

"ఏవండీ, ఆ నీలం రంగు పూసుకునే కంచంలో చెయ్యి పెడతారా? లేచి కడుక్కు రండి."

కడుక్కున్నాడు. పోలేదు. స్టెయినరు ఒక పట్టాన వదలదు, అది ఆయనకి మామూలే. మర్నాడు దుకాణంలో టర్పెంటైన్‌తో రుద్దాడు, తర్వాత థిన్నర్‌తో రుద్దాడు. చర్మం మండిపోయింది గానీ నీలం కదల్లేదు. సాయంత్రం ఆవిడ తన సరంజామా బయటికి తీసింది. ఒక సీసాలోంచి ఏదో మందు దూదిమీద వేసి రెండు వేళ్లూ గట్టిగా రుద్దింది. లాండ్రీలో అయితే ఆ మందుకి లొంగని మరక లేదు. ఇక్కడ లొంగలేదు. "ఏం కంపెనీ రంగండీ ఇది? మా ఓనరుకి చెప్పి యూనిఫారాలకి వాడిస్తాను" అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఇద్దరూ తమ తమ పనుల్లో మొనగాళ్లే. అందుకే వాళ్లకి అది రంగులాగే కనిపించింది, ఇంకోలా కనిపించే దారే లేదు.

గురువారం ఒకామె పగిలిన సిరామిక్ కప్పు తెచ్చింది. నీలం కప్పు. మాస్టారు రంగు కలిపి, ఉంగరం వేలితో అట్ట మీద రాసి, గుమ్మం దగ్గరికి వెళ్లి వెలుతురులో పట్టుకున్నాడు. కప్పు ముక్క, అట్ట, రెండూ సరిపోయాయి. వాటి పక్కన తన వేలు మాత్రం వేరేగా ఉంది.

మిషనులో ఉన్న స్టెయినర్లు పన్నెండు. వాటితో అయ్యే నీలాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. వేలి మీద ఉన్నది వాటిలో ఏదీ కాదు. కొంచెం బూడిద కలిసి, అడుగున ఎక్కడో ఊదా తిరిగి, చర్మం పైన కాక చర్మం వెనక నుంచి వస్తోంది. ఎడమ చేతి గోరు నొక్కి వదిలాడు. తెల్లబడి, రెప్పపాటులో గులాబీ తిరిగింది. కుడి చేతి ఉంగరం వేలి గోరు నొక్కి వదిలాడు. తెల్లగానే ఉండిపోయింది. లోపల లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది దాకా వచ్చి, తర్వాత లెక్కపెట్టే ధైర్యం చాలలేదు.

"సరిపోయిందాండీ?" అని అడిగింది కప్పు తెచ్చినామె.

"సరిపోయిందమ్మా" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

ఆ రోజు మూతలన్నీ ఎడమ చేత్తో వేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి అంటే వేళ్లు తీసేస్తామంటారు. ఆ భయం కడుపులో పెట్టుకుని, మందుల షాపులో నరాల బలహీనతకి బిళ్లలు కొనుక్కుని మింగాడు. వేడినీళ్లలో చెయ్యి పెడితే కాస్త హాయిగా ఉండేది, తీయగానే మళ్లీ మంచుముక్కే. శుక్రవారం పొద్దున చిటికెన వేలి కొసన ఆవగింజంత నల్లచుక్క కనిపించింది. దాన్ని ఎవరికీ కనబడకుండా పిడికిట్లో దాచుకుని టిఫిను ముందు కూర్చున్నాడు.

భార్య ఎదురుగా కూర్చుని ఆయన చెయ్యి లాక్కుంది. పిడికిలి విప్పింది. నల్లచుక్కని బొటనవేలితో తడిమింది.

"మరక గోరు కిందికి వెళ్లదండీ" అంది. "నేను రెండు రోజుల నుంచీ ఆలోచిస్తున్నాను. ఇది మరక కాదు."

"తెలుసు."

"తెలుసా? ఎప్పటి నుంచి తెలుసు?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆవిడ కోపం పట్టలేక గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది. "నేను ఆ వేళ్లని మందు పెట్టి రుద్దాను, బట్ట ఉతికినట్టు రుద్దాను, నొప్పెడుతోందని కూడా అనలేదు మీరు!" అంటూ ఏడ్చేసింది. తర్వాత లేచి చెప్పులేసుకుంది. ఆ చెప్పుల చప్పుడులోనే మాస్టారికి అర్థమైంది, ఇక తప్పించుకునే వీల్లేదని.

ఆసుపత్రిలో చేతిని చూసిన డాక్టరమ్మ సన్నగా, చురుగ్గా, ఏ మాటకీ తొందరగా నవ్వని మనిషి. వేళ్లు చూసింది, మణికట్టు పట్టుకుని చూసింది, అరచేతిలో కండ మీద వేలితో నొక్కి ఏదో వెతికింది.

"సిగరెట్లు?"

"రోజుకి నాలుగు" అన్నాడు మాస్టారు.

"పది" అంది భార్య.

"పని ఏమిటి?"

చెప్పాడు. చెప్తూ చెప్తూ, ఇరవై రెండేళ్ల అలవాటు ఊరుకోదు కదా, మూత ఎలా వేస్తాడో చూపించబోయి కుడి చెయ్యి ఎత్తి బల్ల మీద కొట్టబోయాడు.

"ఆపండి!" డాక్టరమ్మ గట్టిగా అరిచి ఆయన మోచెయ్యి పట్టేసుకుంది. గది బయట ఉన్నవాళ్లు తొంగిచూశారు. ఆవిడ ఊపిరి తీసుకుని, "ఇంకెప్పుడూ ఆ చేత్తో కొట్టకండి" అంది నెమ్మదిగా.

తర్వాత పిడికిలి బిగించమంది. మణికట్టుకి రెండు వైపులా తన బొటనవేళ్లతో రక్తం పారకుండా అదిమిపట్టి, ఇప్పుడు తెరవమంది. అరచెయ్యి సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. బొటనవేలి వైపు వదిలింది. ఎరుపు గబగబా పాకి మూడు వేళ్లు ఎక్కింది, నాలుగో వేలి దగ్గర ఆగిపోయింది. మళ్లీ బిగించమంది, మళ్లీ అదిమింది. ఈసారి చిటికెన వేలి వైపు వదిలింది.

ముగ్గురూ ఆ అరచేతినే చూస్తున్నారు. గోడ గడియారం ముల్లు కదులుతున్న శబ్దం వినిపిస్తోంది. తెలుపు తెలుపుగానే ఉంది. మాస్టారు జీవితంలో ఒక రంగు కోసం అంత ఆశగా ఎప్పుడూ ఎదురుచూడలేదు.

"రాలేదు" అన్నాడు.

"రాలేదు" అంది డాక్టరమ్మ కూడా. ఆయన అరచేతి మీద పెన్నుతో చిన్న గీత గీసింది. "ఇక్కడ లోపల కొక్కెంలాంటి ఎముక ఒకటుంది. దాని పక్కనుంచే వేళ్లకి రక్తనాళం వెళ్తుంది. ఆ ఒక్కచోట దాని మీద కండ కాపు పల్చన. మీరు కొట్టిన ప్రతి దెబ్బకీ మూత ఒకవైపు, ఎముక ఒకవైపు, మధ్యలో అది నలిగింది. ఇన్నేళ్లూ ఓర్చుకుంది. ఇప్పుడు ఉబ్బి, లోపల రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ముక్కలే వేళ్లలోకి పోయి అడ్డం పడ్డాయి."

"అరవై బకెట్లు" అన్నాడు మాస్టారు, ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు.

"అరవై చివరివి. అంతకుముందువి లెక్కపెట్టుకోండి."

భార్య అడగాల్సింది అడిగేసింది. "వేళ్లు ఉంటాయా అమ్మా?"

డాక్టరమ్మ దాచలేదు. "చిటికెన వేలి కొస అప్పుడే నల్లబడింది, అది దక్కదు. నేను పోట్లాడేది ఉంగరం వేలి కోసం. పాడైన నాళం ముక్క కోసేసి, ముంజేతిలోంచి సిర తీసి అతకాలి. రేపు పొద్దున్నే చేద్దాం. ఇక ఆలస్యం పనికిరాదు."

ఉంగరం వేలు! రాత, సంతకం ఎలాగో నేర్చుకోవచ్చు. కానీ రంగుని అట్ట మీద రాసేది ఆ వేలే. ఎంత పల్చన, ఎంత చిక్కన అనేది కంటికంటే ముందు దానికే తెలుస్తుంది. మాస్టారు ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆ వేలు పోతే తను మళ్లీ డబ్బాలు మోసేవాడైపోతానని భయపడ్డాడు, ఆ భయానికి సిగ్గుపడ్డాడు.

శనివారం పొద్దున ఆపరేషను మూడు గంటలు పట్టింది. చంక దగ్గర సూది ఇచ్చి చెయ్యి మొత్తం మొద్దుబార్చారు. మధ్యాహ్నం వార్డుకి తెచ్చేసరికి చెయ్యి ఆయనది కాదన్నట్టు దిండు మీద పడి ఉంది. కట్టు బయట వేళ్ల కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. వేళ్లు వెచ్చగా ఉండాలని వాటి మీదికి ఎర్రగా వెలిగే పెద్ద బల్బు వంచి పెట్టారు. నర్సు గంట గంటకీ వచ్చి వేళ్లు చూసి కాగితం మీద రాసుకుంటోంది.

మూడోసారి వచ్చినప్పుడు, "బాగుందండీ, చక్కగా ఎర్రగా ఉంది" అంది.

మాస్టారు తల తిప్పి చూశాడు. నిజమే, ఎర్రగా ఉంది. దిండు గలీబు కూడా ఎర్రగానే ఉంది. కట్టు గుడ్డ కూడా.

"సిస్టర్, ఆ బల్బు ఒకసారి ఆర్పండి."

"ఆర్పకూడదండీ. వెచ్చగా ఉంచమన్నారు."

"ఒక్క నిమిషం. ఈ వెలుతురులో తెల్ల గుడ్డ కూడా ఎర్రగా కనబడుతోంది. వేలి రంగు దీని కింద ఎలా తెలుస్తుంది?"

"డాక్టరమ్మ చెప్పకుండా నేను ముట్టుకోను. నొప్పేమైనా ఉందా?"

"చెయ్యే లేనట్టుంది, నొప్పెలా తెలుస్తుంది!"

నర్సు పక్క మంచం వైపు వెళ్లిపోయింది. ఆవిడ తప్పేం లేదు, చెప్పింది చేస్తోంది. మాస్టారు భార్య వైపు తిరిగాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఊరుకోండి, వాళ్లకి తెలీదా?" అంది ఆవిడ.

"నాకు లోకంలో ఇంకేమీ తెలీదే. ఇదొక్కటే తెలుసు. ఆ ఎరుపు బల్బుది, నాది కాదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన చెప్పిన గొప్పలన్నీ విని విని విసుగెత్తిన మనిషి. ఇది గొప్ప కాదని మాత్రం ఆవిడకి తెలిసింది. లేచి వెళ్లి బల్బు స్విచ్ నొక్కేసి, కిటికీ పరదా పక్కకి లాగింది. మబ్బు పట్టిన మధ్యాహ్నం వెలుతురు మంచం మీద పడింది.

ఉంగరం వేలి కొస నీలంగా ఉంది. గురువారం గుమ్మంలో చూసిన నీలమే, ఇంకో రెండు చుక్కల నలుపు కలిసి.

"ఎవరండీ లైటు ఆర్పింది?" అంటూ వచ్చిన నర్సు వేలు చూసి అక్కడే ఆగిపోయింది. వంగి గోరు నొక్కి వదిలింది. ఏమీ మారలేదు. ఆవిడ మొహంలో రంగు పోయింది. ఇంకో మాట లేకుండా వరండాలోకి పరుగెత్తింది. ఆవిడ వెనకే మాస్టారి భార్య కూడా పరుగెత్తింది, ఎవరిని పిలవాలో తెలియక "డాక్టరమ్మా, డాక్టరమ్మా" అని అరుస్తూ.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కట్టు కత్తిరించి చూసి, "అతుకు దగ్గర మళ్లీ గడ్డ కట్టింది. థియేటర్ సిద్ధం చెయ్యమనండి, ఇప్పుడే" అంది. మంచం కదులుతుంటే మాస్టారి మీదికి వంగి అడిగింది. "ఎవరు కనిపెట్టారు?"

"నేనేనమ్మా. రంగు తేడాగా ఉంది."

"ఇంకో గంట గడిచుంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు. ఇప్పుడైనా మాట ఇవ్వలేను, తెలిసిందా?"

"తెలిసింది" అన్నాడు. తలుపులు మూసుకునేదాకా భార్య మంచం అంచు పట్టుకుని పక్కనే నడిచింది.

రెండోసారి లోపల ఎంతసేపు ఉన్నాడో ఆయనకి తెలియదు. బయట మాత్రం బావమరిది వచ్చి, అక్క పక్కన కూర్చుని, "నా వల్లే అక్కా, ఆ బకెట్లు నేనే…" అని మొదలుపెట్టాడు. "నోరు మూసుకుని కూర్చో" అంది ఆవిడ, కానీ అతని చెయ్యి పట్టుకునే ఉంది.

మాస్టారికి మెలకువ వచ్చేసరికి అదే వార్డు, అదే మంచం. బల్బు లేదు. బదులుగా చేతి చుట్టూ దళసరి దూది చుట్టారు, వేళ్ల కొసలు కిటికీ వైపు తిప్పి పెట్టారు. చిటికెన వేలి కొస ఉండాల్సిన చోట కట్టు గుండ్రంగా ముగిసిపోయింది. అంతవరకు చూసి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. పక్క వేలి వైపు చూసే ధైర్యం లేకపోయింది. ప్రపంచంలోని రంగులన్నిటికీ తీర్పు చెప్పిన కళ్లు ఆ ఒక్కదాని ముందు వెనక్కి తగ్గాయి.

"చూడండి" అంది భార్య.

"చూడలేను. నువ్వు చూసి చెప్పు."

"నాకు రంగులు చెప్పడం ఏం తెలుసండీ. నేను చెప్తే మీరు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను. చెప్పు."

ఆవిడ వంగి ఆయన ఉంగరం వేలి కొసని తన రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. ఆ పట్టు ఆయనకి తెలియడం లేదు, చెయ్యి ఇంకా మొద్దుబారే ఉంది. అందుకే ఆవిడ ఏమంటుందా అని ఊపిరి బిగబట్టి విన్నాడు.

"వెచ్చగా ఉంది" అంది. "ఇన్ని రోజులూ శవం వేలు పట్టుకున్నట్టుండేది. మీతో అనలేదు. ఇప్పుడు మా ఆయన వేలు పట్టుకున్నట్టుంది."

మాస్టారు కళ్లు తెరవకుండానే పెద్దగా ఏడ్చాడు. నర్సు పరుగెత్తుకొచ్చి, "ఏమైంది, నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"లేదు సిస్టర్, చెయ్యి ఇంకా ఆయనకి తెలియనే లేదు" అంది భార్య. ఆ వేలు మాత్రం వదల్లేదు.